ఎదురు వంతు

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. బాగానే అంటే, మంచం పట్టినవాళ్లెవరూ లేరని. కంటి పొర తీయించాక అమ్మకు ఇల్లంతా కొత్తగా కనిపిస్తోంది. "ఇన్నాళ్లూ నన్ను ఇంత దుమ్ములో ఉంచారా" అని మీ బావనూ నన్నూ కలిపి దులుపుతోంది. నీ దగ్గు తగ్గిందో లేదో నువ్వు రాయలేదు. అక్కడి చలికి మెడకు ఏదైనా చుట్టుకో. బడిపిల్లలు నవ్వుతారని ఊరుకోకు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను.

నీ మట్టి డబ్బాలు భద్రంగా ఉన్నాయి. అయితే యూనివర్సిటీలో నువ్వు పెట్టి వెళ్లిన గదిలో లేవు, మా మంచం కింద ఉన్నాయి. మూతలు తుడిచాను, చీటీలు ఊడకుండా మళ్లీ అతికించాను. మీ బావ పొద్దున లేవగానే కాలి బొటనవేలు వాటికే కొట్టుకుంటారు. "ఊళ్లో వాళ్ల పొలాలన్నీ తవ్వి తెచ్చి నా మంచం కింద పోశాడు మీ తమ్ముడు" అంటారు. అంటారే గాని ఒక్క డబ్బా కూడా పక్కకు జరపలేదు. అవి ఇంటికి ఎందుకు వచ్చాయో ఉత్తరంలో కిందికి వస్తే తెలుస్తుంది.

మీ బావ పంపుల షెడ్డుకు పని బాగా ఉంది. కొత్త కాలువ కింది ఊళ్లనుంచి తుప్పు పట్టిన పంపులు బండ్లమీద వస్తున్నాయి. తిప్పితే చేతిలో తెల్లటి పొడి రాలుతుంది. "మీవాడు రాసింది నిజం కాకపోతే నా షెడ్డు ఎప్పుడో మూసుకునేవాణ్ణి. నీళ్లు పారినచోటల్లా ఉప్పు పైకి తేలుతోందని వాడు రాశాడు, నేను దాన్ని రోజూ గీకుతున్నాను" అంటారు. నీ థీసిస్ పుస్తకాన్ని మెచ్చుకున్న పరీక్షకుడు ఇప్పటికి ఆయన ఒక్కరే.

అసలు పరీక్షకుల దగ్గరికి అది వెళ్లిందా అని అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను. దాటేస్తున్నాననుకోకు.

ఇక తర్వాతిది. "మండలిలో అక్క లేచి నిలబడి ప్రభుత్వానికి ఎదురు చెప్పిందట, నిజమేనా? ఇక్కడి మాస్టార్లందరికీ చెప్పాను, నీ జవాబు రాగానే చదివి వినిపిస్తానన్నాను" అని రాశావు. నిజమే. లేచి నిలబడ్డాను, ఎదురు చెప్పాను. ఏం జరిగిందో వాళ్లకు అర్థం కావాలంటే మా మండలి సంగతి మొదటినుంచి చెప్పాలి. నీకు తెలిసింది కూడా కొంత ఉంటుంది, ఓపిగ్గా చదువు.

మన యూనివర్సిటీ మొదట ఒక వ్యవసాయ కళాశాల. చుట్టుపక్కల రైతులు పొలాలిచ్చి పెట్టించుకున్నది. అందుకే దాన్ని నడిపే మండలిలో సగంమంది మాలాంటి అధ్యాపకులు, సగంమంది రైతులు. మొదటి రోజుల్లో ఆ రైతులు దేనికైనా తలూపేవాళ్లట. ఒకసారి వాళ్ల పొలాలకు నీళ్లొచ్చే తూము మూసేసి వేరేచోట పెట్టాలన్న తీర్మానానికి కూడా తలూపి ఇళ్లకు వెళ్లారు. పైరు ఎండాక అప్పటి ప్రిన్సిపాలు తల పట్టుకుని, "అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడట. "పెద్ద చదువులు చదివినవాళ్లు, ముఖాన ఎదురు చెప్తే బాగుంటుందా?" అన్నారట వాళ్లు.

అప్పుడాయన ఒక పద్ధతి పెట్టాడు. కాలువ నీటికి వంతులున్నట్టే ఎదురు చెప్పడానికీ వంతులు. ప్రతి సమావేశంలో ఒకరు, ఇష్టమున్నా లేకపోయినా, తీర్మానాన్ని కాదనాలి. వంతు కాబట్టి ఎవరికీ కోపం రాకూడదు. దానికి ఎదురు వంతు అని పేరు. వంతువాడు మాట్లాడి కూర్చోగానే అధ్యక్షుడు "వంతు తీరింది" అనాలి. ఆ తర్వాతే చేతులెత్తడం.

చాలాకాలం అది మేలే చేసింది. వంతు చాటున నిజం మాటలు బయటికొచ్చేవి. హాస్టలు బావి పూడ్చొద్దని ఒకసారి వంటమనిషి గోడును ఒక రైతు తన వంతులో చెప్తే బావి నిలబడింది. కానీ రానురాను అది వేడుకైపోయింది. ఎవరు ఎంత బాగా కోప్పడతారో చూద్దామని కూర్చునేవాళ్లం. ఎడ్ల మామయ్య నీకు తెలుసు కదా, పొలం గట్టుమీద నీకు మజ్జిగ ఇచ్చి గంటసేపు వదలకుండా మాట్లాడిన ఆయనే. ఆయన వంతు వస్తే బల్ల గుద్ది, తన ఎడ్లమీద ఒట్టు పెట్టుకుని మరీ కాదనేవాడు. తర్వాత అదే తీర్మానానికి అందరికన్నా ముందు చెయ్యెత్తేవాడు. మేము చప్పట్లు కొట్టేవాళ్లం. నేనూ కొట్టాను.

ఇంకొక అలవాటు కూడా పడింది. వంతు లేనివాళ్లు ఎదురు చెప్పకూడదు. చెప్తే, పక్కవాడి నీళ్లు తన మడికి తిప్పుకున్నట్టే చూసేవాళ్లం. ఎవరికి ఏ అభ్యంతరమున్నా వంతువాడి చెవిలో వేసేవాళ్లు.

ఈ ఏడు పంట కోతల తర్వాత మన వైస్ చాన్సలరుగారిని సెలవుమీద వెళ్లమన్నారు. పెద్దాయన గొడుగు కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు. ఆ గొడుగు ఇంకా ఆ గదిలోనే మేకుకు వేలాడుతోంది. ఆయన స్థానంలో ప్రభుత్వం ఒక ప్రత్యేకాధికారిని పంపింది. గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ విసుక్కోడు. ఏం చెప్పినా "మంచిది" అంటాడు. జీతాలు రాలేదంటే మంచిది, పైకప్పు కారుతోందంటే మంచిది. గుమాస్తాలు ఆయనకు "మంచిదిగారు" అని పేరు పెట్టారు.

ఆయన తెచ్చిన తీర్మానం ఒక్కటే. పట్టాలు ఎవరికివ్వాలో, ఏ విషయంమీద పరిశోధన చేయవచ్చో, పరీక్షకులు ఎవరో ఇకమీదట రాజధానిలోని ప్రభుత్వ సంఘం తేలుస్తుంది. అందుకు మండలి తనంతట తానే ఒప్పుకోవాలి. మండలి మొత్తం ఒప్పుకోకుండా ఆ అధికారం తీసుకోవడానికి పాత చట్టంలో వీల్లేదు. ఇంకా పరీక్షకులకు పంపని థీసిస్‌లన్నీ ఆ సంఘానికే వెళ్తాయని కింద ఒక వాక్యం ఉంది. అలా ఆగినవాటిలో నీది ఒకటి. ప్రభుత్వం తవ్వించిన కాలువ పొలాలను చౌడు చేస్తోందని రాసిన పుస్తకం ఆ ప్రభుత్వ సంఘానికే వెళ్తే ఏమవుతుందో మీ బావ షెడ్డులో పంపులు విప్పేవాళ్లకు కూడా తెలుసు.

ఆ సమావేశంలో ఎదురు వంతు నాది.

ముందురోజు మండలి సభ్యులు ఒకరి తర్వాత ఒకరు నా గదికి వచ్చారు. "నీ వంతేగా అమ్మా, అదృష్టం. గట్టిగా వేసుకో" అన్నాడు ఎడ్ల మామయ్య. వృక్షశాస్త్రం మాస్టారు తన అభ్యంతరాలు రాసి నా చేతిలో పెట్టి, "మీరు చెప్తే మేమందరం చెప్పినట్టే" అన్నారు. నాకూ అదే ధీమా. ఒక్కరికీ ఆ తీర్మానం ఇష్టం లేదు. అందరి మాటా నా నోట్లో ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ ధీమాలో వాళ్లు ఇక నోరు తెరవక్కర్లేదనుకున్నారు, నేను తెరిస్తే చాలనుకున్నాను. ఇలాంటి పొరపాటు ఇంకే మండలిలోనూ జరిగి ఉండదు.

సమావేశం పాత ధాన్యం గోదాములో, ఎప్పటిలాగే. తూకం వేసే ఇనుపపలక మూలన అలాగే ఉంది. రైతులు దానిమీదే తలపాగాలు పెట్టారు. మంచిదిగారు తీర్మానం చదివి, "మీ సంప్రదాయం గురించి విన్నాను. కానివ్వండి" అన్నాడు.

లేచాను. పెద్దగా ఏమీ చెప్పలేదు. మట్టి ఎలా ఉందో మట్టిని చూసినవాళ్లు చెప్పాలి, పరీక్షించాల్సింది ఆ చదువు చదివినవాళ్లు, కాలువ తవ్వినవాళ్లే కాలువమీద రాసినదాన్ని దిద్దితే ఇక ఇది యూనివర్సిటీ కాదు, కాలువ ఆఫీసు అన్నాను. ఈ పొలాలిచ్చినవాళ్లు తమ పిల్లల చదువును వేరేవాళ్లకు అప్పగించమని ఇవ్వలేదన్నాను. "నేను కాదంటున్నాను" అన్నాను.

"భేష్" అన్నారెవరో. చప్పట్లు మొదలయ్యాయి.

అవి వంతుకు కొట్టే చప్పట్లేనని అప్పుడు తెలిసింది. "ఆగండి. ఇది వంతు కోసం కాదు. నిజంగా అంటున్నాను" అన్నాను.

హాలంతా నవ్వింది. ఎందుకంటే వంతుకు నిలబడ్డ ప్రతివాళ్లూ చివర్లో అనే మాటే అది. ఎడ్లమీద ఒట్టు పెట్టే ముందు మామయ్య ప్రతిసారీ అదే అంటాడు. మంచిదిగారు కూడా నవ్వాడు, చప్పట్లు ఆగేదాకా ఓపిగ్గా చూశాడు. "మంచిది. ఇప్పుడు నేనొక మాట అనాలి కదా, ఏమిటది?" అని గుమాస్తాను అడిగి తెలుసుకుని, "వంతు తీరింది" అన్నాడు.

చేతులెత్తమన్నాడు. వంతు తీరాక ఎదురు చెప్పే అలవాటు మాలో ఎవరికీ లేదు. ఒక చెయ్యి లేచింది, దాన్ని చూసి ఇంకొకటి. వృక్షశాస్త్రం మాస్టారు నా వైపు చూడకుండా ఎత్తారు. నేను ఎత్తలేదు. వంతువాళ్లు చెయ్యెత్తకపోతే అది లెక్కలోకి రాదని కూడా మా పద్ధతిలోనే ఉంది. "ఎదురు వంతు అనంతరం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఎడ్ల మామయ్య వచ్చి నా భుజం తట్టాడు.

"ఎంత బాగా చెప్పావే అమ్మాయ్! నిజంగా అన్నట్టే ఉంది."

"నిజంగానే అన్నాను మామయ్యా."

"అదే, అదే! అలాగే ఉంది" అన్నాడు. నన్ను ఏడిపించడానికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. "అయినా నువ్వు చెప్పేశావుగా, మాకిక బెంగ లేదు."

నీ మాస్టార్లకు ఇంతవరకు చదివి వినిపించు. ఇక్కడినుంచి నువ్వొక్కడివే చదువుకో.

తర్వాతి వారం మంచిదిగారు నన్ను పిలిపించాడు. పాత పెద్దాయన గదే, అదే బల్ల, కిటికీలోంచి నువ్వు మట్టి తీసిన మడులు కనిపిస్తాయి. టీ తెప్పించి, చల్లారేదాకా ఆ మాటా ఈ మాటా మాట్లాడాడు. తర్వాత, "చిన్న సందేహం మేడమ్. ఆ రోజు మీరు కాదన్నారు చూడండి. అది వంతు మాటా, సొంత మాటా?" అన్నాడు.

"ఎందుకండీ?"

"పైకి నివేదిక పంపాలి. మీ పద్ధతి నాకు కొత్త. ఏ మాట ఎక్కడ రాయాలో తెలీక అడుగుతున్నాను."

బల్లమీద నీ థీసిస్ ఉంది. నీలం అట్ట, అంచున నువ్వు టీ ఒలకబోసిన మరక. దానిమీద ఆయన కళ్లజోడు పెట్టి ఉంది. నేను చూస్తున్నానని గమనించి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "మీ తమ్ముడిదట కదా. చదువుతున్నాను. కుర్రాడు కష్టపడ్డాడు" అన్నాడు. అంతే. ఇంకొక్క మాట అనలేదు. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. ఆశ పెట్టాడని రాస్తే నాకు కొంచెం సుఖంగా ఉండేది గాని అది అబద్ధం. బేరం మొత్తం నేనే నా మనసులో ఆడుకున్నాను.

నువ్వు క్రితంసారి రాసింది గుర్తొచ్చింది. ఈ ఏడు పట్టా చేతికి రాకపోతే ఆ బడిలో నిన్ను ఇక ఉంచుకోరని, మళ్లీ సంచి సర్దుకోవాలని రాశావు.

"వంతు మాటేనండీ" అన్నాను.

"మంచిది" అన్నాడు.

హాలునిండా జనం ఉన్నప్పుడు నిజమని అరిస్తే ఎవరూ నమ్మలేదు. నమ్మడానికి సిద్ధంగా కూర్చున్న ఒక్క మనిషి అడిగితే నేనే కాదన్నాను. సొంత మాటే అని ఉంటే ఏకగ్రీవం అన్న మాట కొట్టేయాల్సి వచ్చేదేమో. ఒక్క మనిషైనా ఒప్పుకోలేదని పాత చట్టం పట్టుకుని ఎవరైనా కోర్టుకు వెళ్లగలిగేవాళ్లేమో. తెలీదు. ఇప్పుడు ఎవరూ వెళ్లలేరు, కాదన్నదాన్ని నేనే కాదన్నాను కాబట్టి.

నీ థీసిస్ పరీక్షకులకు వెళ్లలేదు. రాజధానికి వెళ్లి, మొన్న తిరిగి వచ్చింది. విషయం ప్రభుత్వ ప్రాధాన్యాలకు తగినట్టు లేదని, మార్చుకుని మళ్లీ పెట్టుకోవచ్చని ఉంది. కాలువ ఆయకట్టులో పెరిగిన దిగుబడులమీద రాయవచ్చని సలహా కూడా ఇచ్చారు. నీ గది ఖాళీ చేయమన్నారు. నేను వెళ్లేసరికి డబ్బాలు వరండాలోకి చేరాయి. ఒక మనిషి వాటిలో మట్టిని పూలకుండీల్లోకి ఒంపబోతున్నాడు. చౌడుమట్టిలో పువ్వులు రావయ్యా అని చెప్పి ఆపాను. ఆ కాస్త కాదనడం పనిచేసింది. మీ బావ బండి తెచ్చి ఇంటికి చేర్చారు.

ఆయనకు ఈ సంగతి నేను వెంటనే చెప్పలేదు. అంతకుముందు ఇంట్లో ఎదురు వంతుమీద సరదాలు నడిచేవి. కూరలో ఉప్పు చాలలేదని నేనంటే "ఇది వంతుకన్నదా, సొంతంగా అన్నదా?" అనేవారు. ఒకరోజు అలాగే అంటే నేను కంచం ముందునుంచి లేచిపోయాను. అప్పుడు చెప్పాను. ఆయన చేతికున్న గ్రీసు రుద్దుకుంటూ కూర్చుని, "మీవాడికి నువ్వే రాయి. ఇంకొకరి నోట వింటే బాగుండదు" అన్నారు. ఆ తర్వాత ఆ సరదా ఆడలేదు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఊరికే తింటున్నారు.

మంచిదిగారు ఎదురు వంతును తీసేస్తాడనుకున్నాను. తీసేసినా బాగుండేది. ఆయనకు అది బాగా నచ్చింది. ఇప్పుడు సమావేశపు కార్యక్రమంలో దాన్ని మొదటి అంశంగా అచ్చువేస్తున్నారు. రాజధానినుంచి వచ్చే పెద్దలు చూడటానికి గోడవారన కుర్చీలు వేయించాడు. ఇక్కడ భిన్నాభిప్రాయానికి ఎంత చోటుందో చూడండి అని వాళ్లకు చెప్తాడట. కొత్త సభ్యులకు వంతు ఎలా చెప్పాలో నేర్పమని నాకు పురమాయించాడు. "మీరు చెప్పినంత సహజంగా ఎవరూ చెప్పలేదంటున్నారు" అన్నాడు.

నేర్పనని అనలేదు. కొత్తగా చేరిన అమ్మాయి, కీటకశాస్త్రం చెప్తుంది, నిన్న సాయంత్రం నా గదికి వచ్చింది. చురుకైన పిల్ల. నోట్సు రాసుకోవడానికి పెన్ను కూడా తెచ్చుకుంది.

"మేడమ్, చివర్లో 'నిజంగా అంటున్నాను' అనేది గట్టిగా అనాలా, మెల్లగా అనాలా?" అంది.

"ఎలా అన్నా ఒకటేనమ్మా" అన్నాను. ఆ పిల్ల అది కూడా రాసుకుంది.

థీసిస్ వెనక్కి వస్తే ఏం చేయమంటావని అడిగావు. దిగుబడులమీద రాస్తే పట్టా వస్తుంది, బడిలో కొలువు నిలుస్తుంది. రాయకపోతే రెండూ ఉండవు. నీకోసమని నేను నోరు మార్చుకున్నాను, నీకు దాంతో గవ్వంత మేలు కూడా జరగలేదు. కాబట్టి నీకు సలహా చెప్పే మొహం నాకు లేదు. అయినా అడిగావు కనుక రాస్తున్నాను. మార్చకు. డబ్బాలు మా దగ్గర ఉంటాయి. అక్కగా అనాలి కాబట్టి అనడం లేదు, నిజంగా అంటున్నాను.

ఆ చివరి మాట కొట్టేసి మళ్లీ రాశాను. వేరే మాట దొరకలేదు.

ఇట్లు,
నీ అక్క